గంటకు ఎంత అని అడక్కండి

ఊరికి ఫోన్ చేస్తే ఎవరైనా ముందు అడిగేది గంటకు ఎంతిస్తారనే. మెల్‌బోర్న్‌లో నాలాంటి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కి 40 ఆస్ట్రేలియా డాలర్లకు పైనే వస్తుందంటే, అవతలివాళ్లు దాన్ని రూపాయల్లోకి మార్చి, నెలకు లెక్కగట్టి, కాసేపు నోరు మెదపరు.

ఆ లెక్కలో అద్దె ఉండదు. నగర శివారు టార్నీట్ వైపు మామూలు ఇంటికి వారానికి 500 డాలర్ల దాకా పెట్టాలి. అవును, అద్దె ఇక్కడ వారాల లెక్క. తాళాలు ఇవ్వకముందే నెల అద్దె బాండు కింద, అంటే డిపాజిట్‌గా, కట్టాలి. ఏడాదికి 18,200 డాలర్లు దాటిన సంపాదన మీద పన్ను, జీతం చేతికి రాకముందే కోసేస్తారు. యజమాని జీతం మీద మన పేరున కట్టే 12 శాతం సూపర్, అంటే రిటైర్మెంట్ నిధి, మన డబ్బే, కానీ మామూలుగా 60 ఏళ్లు నిండేదాకా దాని జోలికి వెళ్లలేం. ఇంతకుముందు నేను పనిచేసిన దుబాయ్‌లో జీతం తక్కువే, అయితే గది కంపెనీది, తిండి మెస్సులో. చేతికొచ్చిందంతా దాదాపు ఇంటికే వెళ్లేది. నిజం చెప్పాలంటే, ఇక్కడికొచ్చిన కొత్తలో అంత కూడా మిగల్లేదు.

దానికి సగం కారణం లైసెన్సు. జగిత్యాల ఐటీఐ సర్టిఫికెట్, గల్ఫ్ అనుభవం చూపించి, స్కిల్స్ అసెస్‌మెంట్ గట్టెక్కినా సొంతంగా వైరు ముట్టనివ్వరు. ఇక్కడి వైరింగ్ రూల్స్ మీద కోర్సు చేస్తూ, దాదాపు ఏడాది వేరే ఎలక్ట్రీషియన్ కనుసన్నల్లో పనిచేయాలి. ఆ తర్వాతే ఏ-గ్రేడ్, అంటే పూర్తి లైసెన్సు. అప్పటిదాకా జీతమూ అంతంతమాత్రమే.

పనిలో ఇక్కడి జాగ్రత్తలు మొదట్లో చాదస్తం అనిపించాయి. స్విచ్‌బోర్డులో బ్రేకర్ దించి, దానికి నా తాళం వేసి, నా పేరున్న ట్యాగ్ కట్టి, తాళంచెవి నా జేబులోనే పెట్టుకోవాలి. సూపర్‌వైజరైనా సరే ఆ తాళం తీయడానికి లేదు. తర్వాత టెస్టర్‌ని ముందు కరెంటున్న చోట పెట్టి అది పనిచేస్తోందో లేదో చూడాలి, పని చేయాల్సిన వైరు మీద చూడాలి, మళ్లీ కరెంటున్న చోట పెట్టి చూడాలి. మధ్యలో టెస్టరే చచ్చిపోయి ఉంటే? మన దగ్గర స్క్రూడ్రైవర్ టెస్టర్‌లో ఎర్రలైటు వెలగకపోతే చెయ్యి పెట్టేసేవాళ్లం. ఎంతమంది పోయారో ఊళ్లో అడిగితే చెబుతారు.

ఎండ సంగతి వేరు. కార్మిక యూనియన్ ఉన్న పెద్ద నిర్మాణ సైట్లలో 35 డిగ్రీలు దాటితే పని ఆపేస్తారు. ఇళ్ల పనుల్లో మాకా భాగ్యం లేదు. ఇక్కడ ఎండాకాలమైన జనవరిలో, పైకప్పు కింద వేడి ఆపడానికి పరిచే గ్లాస్‌వూల్ (గాజు పీచు) మధ్య పాకుతుంటే మన వడగాలి నయమనిపిస్తుంది.

ఇంతకీ ఇక్కడ అన్నీ ఎందుకింత ఖరీదంటే, మనిషి చెయ్యి ఖరీదు కాబట్టి. నా గంటకు రేటుంటే మెకానిక్ గంటకూ ఉంటుంది, మంగలి గంటకూ ఉంటుంది. అందుకే బండి బ్రేకులు నేనే మార్చుకుంటాను, పిల్లలకు క్రాపు ఇంట్లోనే మా ఆవిడ చేస్తుంది. మన ఊళ్లో ‘కరెంటోడొచ్చిండు’ అని గుమ్మం బయటే నిలబెట్టేవారు. ఇక్కడ ఇంటాయన కాఫీ కలిపిచ్చి, కూర్చుని కబుర్లు చెబుతాడు. ఆ మర్యాదకూ బిల్లుకూ సంబంధం ఉందనే నా అనుమానం.

ఇబ్బందల్లా మనవాళ్లతోనే. ‘అన్నా, టీవీ వెనక ఒక ప్లగ్ పాయింట్ వేసి పెట్టు, క్యాష్ ఇస్తా’ అంటారు. ఏ-గ్రేడ్ ఉన్నంత మాత్రాన బయట పనులు ఒప్పుకోవడానికి లేదు, దానికి కాంట్రాక్టర్‌గా వేరే రిజిస్ట్రేషన్ కావాలి. చిన్న పాయింటుకైనా సేఫ్టీ సర్టిఫికెట్ రాసివ్వాలి. ఈ మధ్య మా వీధిలో ఒక సాఫ్ట్‌వేర్ తమ్ముడు అడిగితే ఇదంతా వివరించి, మా కంపెనీ రేటు మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులైతే పడ్డాయి. వాళ్ల టీవీకి ఇప్పటికీ హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సే.