ఇనుప గంట, హౌస్ కిక్: ట్రాక్ ఎక్కడిదాకా వచ్చిందంటే

ఇబిబియో సౌండ్ మెషీన్ పాటలు వినడం మొదలుపెట్టాక చేతులు ఊరుకోవడం లేదు, నేనూ ఒక ట్రాక్ చేస్తున్నాను. లండన్ బ్యాండ్. పాడేది ఈనో విలియమ్స్, పుట్టింది లండన్‌లోనే అయినా పెరిగింది నైజీరియాలో, సింథ్‌ల (ఎలక్ట్రానిక్ కీబోర్డుల) హోరు మధ్యలో ఇబిబియో అనే నైజీరియా భాషలో దర్జాగా పాడేస్తుంది. 2022లో వచ్చిన ‘ఎలక్ట్రిసిటీ’ ఆల్బమ్‌ని హాట్ చిప్ అనే బ్రిటిష్ బ్యాండ్ వాళ్లతో కలిసి చేశారు, కొత్తవాళ్లు అక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు.

వాళ్ల పాట కాపీ కొట్టాలని కాదు. ఘానా, టోగోల్లోని ఎవే జనం వాయించే జంట ఇనుప గంట ఉంది, గంకోగుయ్ అంటారు, దాని నడకని హౌస్ అనే డ్యాన్స్ సంగీతంలోని కిక్‌తో (సమంగా పడే బరువైన డ్రమ్ దెబ్బ) కలపాలన్నది నా సరదా. 12 మాత్రల్లో (సమానమైన కాలపు ముక్కల్లో) గంటకి ఏడు దెబ్బలు: 1, 3, 5, 6, 8, 10, 12. కిక్ పడేది 1, 4, 7, 10లో. అంటే రెండూ కలిసేది 1లో, 10లో మాత్రమే, మిగతాచోట్ల దేని దారి దానిదే. తాళం నేర్చుకున్నవాళ్లకైతే తిశ్ర గతి అంటే చాలు, కిక్కు కిక్కుకీ మధ్య మూడు మాత్రలు.

టెంపో 120 (నిమిషానికి 120 కిక్కులు), గ్రిడ్ 1/8 ట్రిప్లెట్ (కిక్కుకి మూడు గళ్లు), కాబట్టి 12 మాత్రలు సరిగ్గా రెండు సెకన్లు. అసలు గంట దొరికే దారి లేదు, వంటింట్లో ఇనుప మూకుడు తీసుకుని అంచు మీద స్పూన్‌తో ఒక దెబ్బ, నడిమధ్యన ఇంకో దెబ్బ కొట్టి ఫోన్‌లో రికార్డ్ చేశాను. మధ్య దెబ్బ బరువుగా వచ్చింది, దాన్ని ఒకటో మాత్రకే ఉంచాను. 300 హెర్ట్జ్ కింద అంతా కోసేస్తే మోత పోయి గంటలాగే ఉంది. (మూకుడు మళ్లీ పోపులకి వెళ్లిపోయింది, శాంపిల్స్ రెండుచోట్ల దాచాను.)

క్వాంటైజ్ (దెబ్బల్ని సరిగ్గా గ్రిడ్ గళ్లలోకి జరిపే ఏర్పాటు) మాత్రం ఆపేశాను. 5, 6 పక్కపక్కన పడేచోటే ప్రాణమంతా ఉంది, అక్కడ చేత్తో వాయించిన ఆ కాస్త తేడాని గ్రిడ్‌కి అతికిస్తే మైక్రోవేవ్ బీప్‌లా తయారవుతుంది. ఆఫ్రో అని పేరు పెట్టి అమ్మే జెంబే (ఆఫ్రికా చేతి డ్రమ్ము) లూప్‌లు కూడా తీసేశాను, కిక్ మీద వాటిని పరిచేస్తే గంటకి చోటెక్కడ?

కిక్‌ని 4 డెసిబెల్స్ తగ్గించాను, డ్యాన్స్ ట్రాక్‌లో అది నేరమని తెలుసు, కానీ ఇక్కడ లెక్క చూసేది గంట. బేస్‌కి సైడ్‌చెయిన్ (కిక్ పడ్డప్పుడల్లా బేస్ శబ్దాన్ని తగ్గించే ఏర్పాటు) పెట్టి రిలీజ్, అంటే బేస్ తిరిగి లేవడానికి పట్టే సమయం, 120 మిల్లీసెకన్ల దగ్గర ఆపాను. ఒక మాత్ర దాదాపు 167 మిల్లీసెకన్లు కాబట్టి తర్వాతి మాత్ర వచ్చేలోపు బేస్ మళ్లీ పైకి లేస్తుంది.

ఇప్పుడు తిప్పలంతా బేస్ లైన్‌తోనే. 1, 10లో పెడితే కిక్ వెనకాల దాక్కుంటోంది, 1, 5, 8కి మారిస్తే ఒళ్లు ఊగుతోంది కానీ బార్ (12 మాత్రల చుట్టు) చివర ఖాళీగా ఉంది. ఈ వారం 12లో ఒక చిన్న నోటు వేసి చూస్తాను, గిటార్ సంగతి ఆ తర్వాతే.