పద్నాలుగు రోజుల లెక్క

మాది ఒడిశాలో గుణుపురం దగ్గర పల్లె. వంశధార ఒడ్డు ఊళ్లలో చీరలు అమ్ముకునే వ్యాపారం. పోయిన వర్షాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి ఉన్నట్టుండి చలి పుట్టింది. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. తర్వాత ఒళ్లు కాలిపోయింది, ఆ తర్వాత చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట. మర్నాడు ఏమీ లేదు, సుబ్బరంగా అన్నం తిన్నాను. ఎల్లుండి మళ్లీ సరిగ్గా మూడింటికే!

సెంటర్లో సెలైన్లు ఎక్కించే ఆయన ఒకరున్నారు. డాక్టరు కాకపోయినా అందరం డాక్టరుగారనే అంటాం. రక్తపరీక్ష లేకుండానే టైఫాయిడ్ అని తేల్చేశారు. రోజు విడిచి రోజు వచ్చే జ్వరం కదా, రాని రోజు పుణ్యమంతా ఆయన సెలైన్ ఖాతాలో పడింది.

మా ఊరి ఆరోగ్య కార్యకర్త, ఆశా దీదీ వచ్చి చూసి, "ఏటి బాబూ, ఇలాగైపోనావు?" అంది. వేలు పొడిచి కిట్ మీద రక్తపుచుక్క వేసింది. పావుగంటకి గీత పడింది. వైవాక్స్ రకం మలేరియా. క్లోరోక్విన్ నాలుగు, నాలుగు, రెండు, మొత్తం మూడు రోజులు. ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు, అన్నం తిన్నాకే. "మూత్రం డికాక్షన్ రంగులో వస్తే మాత్ర ఆపేసి నాకు ఫోన్ చెయ్యి" అని మరీ మరీ చెప్పింది.

మూడో రోజుకే జ్వరం ఎగిరిపోయింది. ఐదో రోజుకి నేనూ మాత్రలు మానేశాను. బాగున్న మనిషికి మందెందుకు?

రెండు నెలలకి మళ్లీ అదే చలి. ఈసారి దీదీ నన్ను పీహెచ్‌సీకి లాక్కెళ్లింది. ల్యాబ్ టెక్నీషియన్ స్లైడ్‌కి రంగు వేసి, ఆరబెట్టి, మైక్రోస్కోప్ మీద వంగి చాలాసేపు చూశాడు. నన్నూ చూడమన్నాడు. పెద్ద గుండ్రాల్లో చిన్న ఉంగరం. ఇంత చిన్నదా నన్ను మంచాన పడేసింది!

కుర్ర డాక్టరు ఒడియాలో అడిగాడు, ప్రైమాక్విన్ మాత్రలన్నీ వేసుకున్నావా అని. "ఆఁ" అన్నాను.

"లేదు సార్, ఐదు రోజులే. మిగతావి టీవీ మీదున్నాయి, నేను చూశాను" అంది దీదీ.

తిట్టలేదాయన. క్లోరోక్విన్ రక్తంలో ఉన్న మలేరియా క్రిముల్నే చంపుతుందనీ, కాలేయంలో నిద్రపోతున్నవి ఎప్పుడైనా లేచి రావచ్చనీ, వాటికోసమే ఆ పద్నాలుగు రోజులనీ కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ఈ మాట మొదటిసారే తెలిసుంటే మానేసేవాణ్ణి కాదేమో. ఏమో, మానేసేవాణ్ణేనేమో.

ఈసారి దీదీ రోజూ భోజనాలవేళకి వచ్చి నిలబడింది. మింగాక నోరు తెరిపించేది. మా ఆవిడ ఒకటే నవ్వు. దీదీకి నెలజీతం లేదు, చేసిన పనిని బట్టి వచ్చే డబ్బులే. దానికే ఎండా వానా తిరుగుతుంది.

పద్నాలుగో రోజు ఖాళీ స్ట్రిప్ మడిచి సంచిలో వేసుకుంది. టీ తాగి వెళ్లమంటే వినలేదు. పక్క వీధిలో ఒకాయన ఐదో రోజుకే ఆపేశాడట. గొడుగు విప్పుకుని అటే నడిచింది.