లియాన్‌లో కనిపించిన అధిక మాసం

ఫ్రాన్స్‌లోని పాత లియాన్‌లో ఉక్కు తాడుతో పైకి లాగే చిన్న రైలెక్కి, నేనూ అక్కడే చదువుకుంటున్న మా మేనకోడలూ ఫూర్వియేర్ కొండ మీద దిగేసరికి ఉదయం పది దాటింది. క్రీ.పూ. 43లో మునాషియస్ ప్లాంకస్ అనే రోమన్ అధికారి స్థాపించిన లుగ్దునుమ్ పట్టణం ఈ కొండ మీదే వెలిసింది. కట్టింది రోమన్లే అయినా పేరు మాత్రం వారిది కాదు. ‘దునుమ్’ అంటే అక్కడి కెల్టు జనమైన గాల్‌ల భాషలో కోట. ‘లుగ్’ అన్నది వారి దేవుడైన లుగుస్ పేరని చాలామంది పండితుల అభిప్రాయం. కొండవాలున మెట్లు మెట్లుగా కట్టిన రోమన్ రంగస్థలంలో నేటికీ వేసవి ఉత్సవాలు జరుగుతున్నాయి. అయితే ఆ మెట్ల మీద నేను కూర్చున్నది పావుగంటే. నన్ను ఇంత దూరం రప్పించిన వస్తువు పక్కనున్న మ్యూజియంలో ఉంది.

1975లో తెరిచిన ఆ మ్యూజియాన్ని కొండ కడుపులో కట్టారు. పైనుంచి లోపలికి వెళ్లి, వాలుదారి వెంట కిందికి దిగుతూ చూడాలి. ఈ ఊళ్లోనే పుట్టిన క్లాడియస్ చక్రవర్తి, గాల్ ప్రముఖులకు రోమ్ సెనేట్‌లో చోటివ్వాలని క్రీ.శ. 48లో చేసిన ప్రసంగాన్ని చెక్కిన కంచు ఫలకం కూడా అక్కడే ఉంది. దాన్ని చూసి ముందుకు నడిచాము.

నేను వెతుకుతున్నది కొలిన్యీ పంచాంగం. 1897లో కొలిన్యీ అనే పల్లెలో, పొలంలో ముక్కలు ముక్కలుగా దొరికిన కంచు పలక అది. ముక్కల మధ్య ఖాళీలు అలాగే ఉంచి, పలక మొత్తం ఎలా ఉండేదో తెలిసేలా అమర్చారు. చెక్కిన లిపి రోమన్, అంకెలూ రోమన్, భాష మాత్రం గాల్‌ల గాలిష్. గాల్‌ల పూజారులైన ద్రూయిడ్ గురువులు తమ విద్యను రాతలో పెట్టడం తగదని భావిస్తారని సీజర్ రాశాడు. ఆయన గాల్ దేశాన్ని జయించిన సుమారు రెండు వందల ఏళ్ల తరువాత, గెలిచినవారి అక్షరాల్లోనే ఓడినవారి కాలగణన ఇలా పలకకెక్కింది. ప్రతి తేదీ పక్కనా ఒక సన్నని రంధ్రం ఉంది. రోజుకొకటి చొప్పున చిన్న మేకును జరుపుకుంటూ పోయేవారట.

ఐదేళ్లకు అరవై నెలలు, వాటిపై రెండు అదనపు నెలలు, వెరసి 62. ప్రతి నెలా రెండు భాగాలు. 30 రోజుల నెలలకు సాధారణంగా ‘మాట్’ అనీ, 29 రోజుల వాటికి ‘అన్మ్’ అనీ గుర్తులున్నాయి. మొదటిది మంచిదనీ రెండోది కాదనీ పండితులు అర్థం చెబుతున్నారు.

“అధిక మాసమే కదా మామయ్యా?” అంది మా మేనకోడలు.

అధిక మాసమే. మన వేదాంగ జ్యోతిషంలోని యుగం కూడా ఐదేళ్లే, అందులో చాంద్రమాసాలు కూడా 62. దీన్నిబట్టి ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారనడం తొందరపాటు. చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ కలిపి లెక్క కట్టాలనుకున్నవారికి ఆ అంకె తగలడంలో వింత లేదు. వారాల సంగతి వేరు. ఫ్రెంచివారి మంగళవారంలో మార్స్, బుధవారంలో మెర్క్యురీ, శుక్రవారంలో వీనస్ ఉన్నారు. గ్రీకు రోమన్ ప్రపంచంలో కుదిరిన ఆ గ్రహాల వరసే మనకూ చేరింది.

దిగేటప్పుడు రైలెక్కకుండా ‘షమాఁ నఫ్’ అనే వాలువీధి వెంట నడిచాము. కొత్త దారి అని అర్థం. రోడ్లంటే రోమన్లే అని బడిలో చదువుకున్నాము. గాల్‌లో రోమన్ సేనాని అగ్రిప్పా వేయించిన రహదారులన్నిటికీ కేంద్రం ఈ ఊరే. కానీ దారికి ఫ్రెంచివారు వాడే ‘షమాఁ’ అన్న మాట గాలిష్ నుంచి లాటిన్‌లోకి వెళ్లి, అక్కడినుంచి వీరికి వచ్చింది. వీధి పేరు పలక ముందు నేను నిలబడిపోతే, ఆకలేస్తోందని మా మేనకోడలు చెయ్యి పట్టుకుని లాగింది.