చల్లటి సున్నుండ

"అమ్మా, ఇవి ఫ్రిజ్‌లో పెట్టావా?" అంది మా అమ్మాయి, సున్నుండ సగం కొరికి.

పెట్టలేదు. అప్పుడే చుట్టాను. నెయ్యి వేడి ఇంకా నా అరచేతుల్లో ఉంది.

"మరి చల్లగా ఉందేంటి? టూత్‌పేస్ట్ లాగా!" మిగిలిన సగం తెచ్చి నా ముందు పళ్లెంలో పెట్టేసింది. "అమ్మమ్మ చేస్తే వేడిగా ఉంటుంది. నేనివి స్కూల్‌కి తీసుకెళ్లను."

ఇంకో రెండు రోజుల్లో వాళ్ల స్కూల్లో హెరిటేజ్ నైట్. ఇక్కడ అమెరికాలో, ఒక్కో కుటుంబం తమ ఊరి వంటలు ఒక్కో బల్ల మీద పెట్టే సాయంత్రం. మన బల్ల మీద ఏం పెట్టాలో నెల ముందే తనే చెప్పింది: సున్నుండలు. పోయిన వేసవిలో తెనాలిలో వాళ్ల అమ్మమ్మ చేతి సున్నుండలు తిని వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లకి అంతగా గుర్తుండిపోయిందని నేను మురిసిపోయి, ఇండియన్ స్టోరు నుంచి పొట్టు మినుములు తెచ్చి, సన్నసెగ మీద ముప్పావు గంట నిలబడి వేయించాను. ఇల్లంతా వాసన. అంతవరకూ అమ్మ చేసినట్టే చేశాను. బెల్లం వేయాల్సిన చోట ఎరిత్రిటాల్ వేశాను, పంచదారకి బదులు వాడే తీపి పొడి.

పిల్ల చెప్పింది నిజమే. ఆ పొడి కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. నాలుక మీద కరిగితే నాలుక చల్లబడుతుంది. పాయసంలో ముందే కరిగిపోయి ఉంటుంది కాబట్టి తెలియదు. సున్నుండలో పొడి పొడిగానే ఉంటుంది, కరగడమంతా నోట్లోనే. ఈ సంగతి నాకు ముందే తెలుసు. వేడి నెయ్యి ఎక్కువ పోస్తే తెలియదులే అనుకున్నాను.

ఇంత మొండితనం ఎందుకో చెప్పాలి. మా ఇంట్లో షుగర్ అంటే తీపి కాదు, జబ్బు. నాన్నకి 42వ ఏట వచ్చింది. ఫ్రిజ్ తలుపులో పాల ప్యాకెట్ పక్కన ఇన్సులిన్ సీసా చూస్తూ పెరిగాను. ఆయన కుడికాలి బొటనవేలు తీసేసిన ఏడాది నేను ఇక్కడ వీసా కాగితాల్లో ఇరుక్కుని వెళ్లలేకపోయాను. మా వాడికి నాలుగేళ్లప్పుడు, వీడియో కాల్‌లో "తాతయ్యకి షుగర్ ఉంది" అన్న మాట చెవినపడి "నాకూ కావాలి" అని ఏడ్చాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది నాన్నే. ఆయన పోయి మూడేళ్లయింది.

నాకేమో కడుపుతో ఉన్నప్పుడు వచ్చి కాన్పుతో పోయింది. పోయినట్టే పోయి గుమ్మం దగ్గర కూర్చుంది. కొన్నేళ్ల కిందట ఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 5.9 వచ్చింది. ఇక్కడ 5.7 నుంచి ప్రీడయాబెటిస్ అంటారు, 6.5కి వస్తే ఇక షుగరే. ఆ కాగితం చేతికొచ్చిన రోజే వంటింట్లో పంచదార డబ్బా ఖాళీ చేశాను. మా ఆయనది నిజామాబాద్, చక్కెర అంటారు. నేను పంచదార అంటాను. ఇంట్లో దానికి పేర్లు రెండున్నాయి, డబ్బాలో మాత్రం పిస్తా తొక్కలు.

మొదట ఖర్జూరాలతో మొదలుపెట్టాను, అందరిలాగే. జీడిపప్పు, బాదం, ఖర్జూరం కలిపి మిక్సీలో తిప్పి లడ్డూలు. వచ్చిన వాళ్లందరికీ "ఇందులో షుగర్ అస్సలు లేదండీ" అని చెప్పి మరీ పెట్టాను. తర్వాత ఒకరోజు తీరిగ్గా లెక్క చూసుకున్నాను. ఒక్క పెద్ద మెజూల్ ఖర్జూరంలో దాదాపు 16 గ్రాముల చక్కెర ఉంటుంది. మూడు తింటే 48. డబ్బా కోలాలో ఉండేది 39. ఖర్జూరంలో పీచు ఉంది, పొటాషియం ఉంది, కోలాతో పోల్చడం అన్యాయమే. కానీ "అస్సలు లేదండీ" అన్నది నేను. ఆ లడ్డూలు తిన్నవాళ్లలో ఇద్దరు షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు. వాళ్లకి ఇంతవరకూ చెప్పలేదు.

తర్వాత మంక్ ఫ్రూట్. సంచి మీద పెద్దక్షరాలతో అదే పేరు, ఆకుపచ్చ కాయ బొమ్మ. దక్షిణ చైనాలో గుయిలిన్ వైపు పండే కాయట, దాని సారం పంచదార కంటే నూట యాభై, రెండొందల రెట్లు తియ్యన. అంత తియ్యనిదాన్ని సంచుల్లో ఎలా అమ్ముతారన్న అనుమానం నాకు రాలేదు. మూడో సంచి కొన్నాక వెనక్కి తిప్పి చూస్తే మొదటి పదార్థం ఎరిత్రిటాల్. కాయ సారం చిటికెడు, మిగతాదంతా ఆ చల్లటి పొడే. స్టీవియా అనే తీపి ఆకు సారం కలిపి అమ్మేవాటిలో చాలావాటిదీ ఇదే కథ. కొనేవాళ్లు బొమ్మ ఉన్న వైపు కాక చిన్నక్షరాలున్న వైపు చూడండి. ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్ అనే ఇలాంటిదే ఇంకో తీపి పొడి జోలికి అసలు వెళ్లొద్దు, కొంచెం తిన్నా కుక్క ప్రాణం మీదికొస్తుంది.

సంక్రాంతికి అరిసెలు చేద్దామనుకోవడం మాత్రం నా పొగరు. బియ్యం నానబెట్టి తడిపిండి కొట్టాను. గిన్నెలో ఎరిత్రిటాల్, కాసిని నీళ్లు. పళ్లెంలో నీళ్లు పోసుకుని పాకం చుక్క వేసి చూశాను, అమ్మ చూసినట్టే. బెల్లం పాకమైతే వేళ్ల మధ్య మెత్తగా ఉండ కట్టాలి. ఇది నీళ్లలో పడగానే ఇసుకలా విడిపోయింది. మళ్లీ కాచాను. మళ్లీ ఇసుక. పొయ్యి ఆపి అమ్మకి ఫోన్ చేసి వచ్చేసరికి గిన్నె అడుగున పటికబెల్లంలా గడ్డకట్టి, గరిటె నిలువునా ఇరుక్కుపోయి ఉంది. మా వాడు గిన్నెని గరిటె పట్టుకుని పైకెత్తి ఫోటో తీసుకున్నాడు.

రెండోసారి ఆల్యులోజ్ తెచ్చాను, పంచదారకి బదులు వాడే ఇంకో తీపి పొడి. గ్రాముకి అర కేలరీ కూడా ఉండదు, 2019 నుంచి దీన్ని లేబుల్ మీద షుగర్ లెక్కలో చూపించక్కర్లేదని ఇక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది. ఇది అచ్చం పంచదారలాగే కరిగింది, బంగారు రంగుకొచ్చింది. నమ్మేశాను. నూనెలో వేసిన అర నిమిషానికి పైన నల్లగా మాడింది, లోపల పచ్చిపిండి. ఇది పంచదార కంటే తొందరగా రంగు తిరుగుతుందని తర్వాత తెలిసింది. నువ్వులద్దిన బొగ్గుల్ని ఆ ఏడాది మా ఆయన మౌనంగా రెండు తిన్నారు. అది ప్రేమో, గొడవ ఎందుకులే అన్న తెలివో ఇప్పటికీ తేలలేదు.

కాబట్టి ఎవరైనా అడిగితే చెప్పేది ఇదే. పాకంతో పనున్న వాటి జోలికి పోవద్దు. పాయసం, సేమ్యా, కోవా లాంటివి బాగానే వస్తాయి. బొబ్బట్ల పూర్ణం ఆల్యులోజ్‌తో పరవాలేదు, కాస్త జారుగా ఉంటుంది, కాల్చేటప్పుడు సెగ తగ్గించుకోవాలి. ఎరిత్రిటాల్ తీపి పంచదారలో 70 శాతమే కదా అని ఎక్కువ వేస్తే చల్లదనమూ పెరుగుతుంది. ఇంకా చాలా చెప్పగలను. నా ఫోన్‌లో దీనికో పట్టికే ఉంది.

ఆ పట్టిక ఉన్నదాన్ని కాబట్టే 2023 నాకు కలిసిరాలేదు. ఫిబ్రవరిలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ల పరిశోధన వార్త వచ్చింది, రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువున్న వాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని. అదే కారణమని తేల్చలేదు. మన ఒంట్లో కూడా అది కొంత తయారవుతుంది. అయినా సంచి తీసుకెళ్లి గరాజ్‌లో పెట్టాను. మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బరువు అదుపు కోసం స్టీవియా, సుక్రలోజ్ లాంటి పంచదార కాని తీపి పదార్థాలు వాడొద్దని సలహా ఇచ్చింది. ఆ సలహా అప్పటికే షుగర్ ఉన్నవాళ్లకి వర్తించదు, ఎరిత్రిటాల్‌కీ వర్తించదు. అంటే ఫిబ్రవరి వార్త గరాజ్‌లోని సంచి గురించి, మే వార్త అలమరలోని స్టీవియా సీసా గురించి. సీసాని గరాజ్‌కి పంపి, సంచిని మళ్లీ వంటింట్లోకి తెచ్చుకున్నాను. ఇందులో తర్కం ఏమిటని మా ఆయన అడిగారు. ఆయనకి అన్నీ కావాలి.

సున్నుండ తిప్పిపంపిన రాత్రి, దుప్పటి కప్పుతుంటే మా అమ్మాయి అడిగింది. "అమ్మా, ఓన్లీ మన స్వీట్స్ ఎందుకు షుగర్ ఫ్రీ?"

"అంటే?"

"కప్‌కేక్స్ షుగర్ ఫ్రీ కాదు. డోనట్స్ కాదు. హాలోవీన్ క్యాండీ కాదు. ఓన్లీ తెలుగు స్వీట్స్."

పడుకోమన్నాను. దీపం ఆపి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

దాని మాటలో తప్పు వెతకడానికి చాలాసేపు ప్రయత్నించాను. కప్‌కేక్ వాళ్ల ఫ్రెండ్ బర్త్‌డేలో పెడతారు, నేనేం చేయగలను? డోనట్లు ఆదివారం తెలుగు క్లాస్‌కి ఏడవకుండా వస్తే ఇచ్చే లంచం. అవును, తెలుగు నేర్పడానికి డోనట్. రెండేళ్లు దాటిన పిల్లలకి రోజుకి 25 గ్రాములు మించి అదనపు చక్కెర వద్దని ఇక్కడి గుండె డాక్టర్ల సంఘం చెప్తుంది. పైన క్రీమ్ పూసిన ఒక్క కప్‌కేక్‌తో దాదాపు ఆ లెక్క అయిపోతుంది, అదీ నా పట్టికలో ఉంది. హాలోవీన్‌కి బకెట్ నిండా తెచ్చుకుంటే "పోనీలే, ఏడాదికోసారే కదా" అన్నాను. సంక్రాంతి ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందో?

నా చేతిలో ఉన్నది నా వంటిల్లు ఒక్కటే. అందులో నేను చేసేవి మన వంటలే. బయటి తీపిని ఆపలేక ఆ కోపమంతా అరిసెల మీద, సున్నుండల మీద తీర్చుకున్నాను. ఫలితం ఏమిటంటే నా పిల్లలకి తెలిసిన తెలుగు మిఠాయి చల్లగా, ఇసుకగా, మాడిపోయి ఉంటుంది. ఊరికెళ్లిన మూడు వారాలు తప్ప. పిల్లలకి షుగర్ రాకూడదని చేశానా, లేక ఆ ఏడాది నాన్న దగ్గరికి వెళ్లలేకపోయినదానికి ఇక్కడ పిండి పిసుకుతున్నానా? మెట్ల మీద కూర్చుంటే ఇలాంటివే తోస్తాయి.

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. చల్లటి సున్నుండ కథ విని పగలబడి నవ్వింది. "బెల్లం వెయ్యవే. బెల్లానికి షుగర్ ఎక్కడొస్తుంది?"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదు. బెల్లంలోనూ చాలావరకు ఉండేది పంచదారే అమ్మా, కాస్త ఇనుము, కాస్త రంగు, అంతే, రక్తంలోకి దాదాపు అలాగే ఎక్కుతుంది అని క్లాసు పీకాను.

అటు నుంచి కాసేపు మాట రాలేదు.

"మీ నాన్నకి నేను రోజూ బెల్లం కాఫీయే ఇచ్చానే," అంది. "పంచదార మానేశారు కదా అని."

చిన్న కప్పే కదా అన్నాను. డాక్టరు మందులు మార్చలేదు కదా, అన్నం తగ్గించుకోలేదు కదా, ఇంకేదేదో అన్నాను. తనే మాట మార్చింది. "మినుములు బాగా వేగాయా? కమ్మటి వాసన వచ్చిందా? ఆడపిల్ల, నడుముకి బలం. మంచి బెల్లం చూసి వెయ్యి."

ఆ సాయంత్రం బెల్లం కోరాను. మా అమ్మాయి స్టూలెక్కి పక్కన నిలబడింది. పొడి కలుపుతుంటే "సగం చాలు" అన్నాను. అది నా చెయ్యి తోసేసి ఇంకో గుప్పెడు వేసింది. కాచిన నెయ్యి పోశాను. చేతులు కాలుతున్నాయంటూనే చుట్టింది, ఒక్కటీ గుండ్రంగా రాలేదు. రెండు తింది. నేనూ ఒకటి తిన్నాను. రెండోది కూడా తిన్నాను, పట్టికలో రాయలేదు.

స్కూల్‌ వాళ్లు ప్రతి వంట ముందు ఒక అట్ట పెట్టాలన్నారు, ఎలర్జీలున్న పిల్లల కోసం. అందులో ఏమేం ఉన్నాయో ఇంగ్లిష్‌లో రాయాలి. బల్ల దగ్గర కూర్చుని పెన్సిల్‌తో రాసింది. మినుములు, నెయ్యి. "బెల్లం అంటే ఏంటి అమ్మా?" అంది. చెరుకు రసం కాచి చేస్తారు, షుగర్ లాంటిదే అన్నాను. కాసేపు ఆలోచించి రాసింది: షుగర్, మంచి రకం.

రబ్బరు అక్కడే ఉంది. పొద్దున్న అమ్మకి అంత పెద్ద క్లాసు పీకినదాన్ని, చెయ్యి ముందుకు రాలేదు.

అట్ట ఫోటో తీసి వాళ్ల అమ్మమ్మకి పంపింది. తెనాలిలో అప్పుడే తెల్లవారినట్టుంది, వెంటనే ఫోన్ వచ్చింది. "కళ్లజోడు దొరకలేదే, ఏం రాసింది పిల్ల?" అని అడిగింది అమ్మ.

ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను.