కొత్త ఇంట్లో 17వ రోజు: అమోనియా ఇంకా ఒకటి దగ్గరే

మే 27, రాత్రి 11.

చేపల తొట్టి నీళ్లలో అమోనియా పరీక్ష, మళ్లీ అదే ఆకుపచ్చ. గాజు గొట్టంలో ఐదు మిల్లీలీటర్ల నీళ్లు, రెండు సీసాల నుంచి ఎనిమిదేసి చుక్కలు, ఐదు నిమిషాల నిరీక్షణ. నిమ్మపండు పసుపు (అంటే అమోనియా సున్నా) వస్తుందేమోనని ట్యూబులైటు కింద గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూడడం నాకు సంధ్యావందనంలా తయారైంది. ఇవాళ కూడా 1 పీపీఎం, అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము.

ఇల్లు మారడం మే 10న జరిగింది. రాజమహేంద్రవరం నుంచి భీమవరానికి, నడివేసవిలో, మూడడుగుల చేపల తొట్టితో. పిల్లల బడి తెరిచేలోపు మారాలి కాబట్టి వేరే దారి లేదు. చేపలను థర్మోకోల్ పెట్టెల్లో, మధ్యలో గుడ్డ చుట్టిన మంచునీళ్ల సీసాలు పెట్టి, కారులో నా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. 31కి 31 బతికే వచ్చాయి. అద్దం పగల్లేదు. కరెంటు పోయిన రాత్రుల్లో బ్యాటరీ ఎయిరేటర్ బాగానే ఆదుకుంది. ఇక మంచి మాటలు అయిపోయాయి.

తొట్టి 36×15×18 అంగుళాలు, నీళ్లు సుమారు 130 లీటర్లు. పాత ఇంట్లో పీహెచ్ 7.4, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) 210, అమోనియా రెండేళ్లుగా సున్నా. కొత్త ఇంట్లో బోరు నీళ్ల టీడీఎస్ 1,940. మొదటిసారి చూసి మీటరు చెడిపోయిందనుకున్నాను. పక్కింటి పిన్నిగారు నవ్వి, "ఆ నీళ్లతో మేం కాఫీ కూడా పెట్టుకోమండి" అన్నారు. అందుకని మున్సిపల్ కుళాయి నీళ్లు వాడాను: టీడీఎస్ 320, పీహెచ్ 8.1. కాలువలు కట్టేసిన రోజులు కదా, చెరువులో నిల్వ చేసిన నీళ్లే వస్తున్నాయి. బకెట్టులో పట్టి చూస్తే లేతగా ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది.

మొదటి రోజు అమోనియా 0.25. మూడో రోజుకు 1. నాలుగో రోజు ఉదయం 2, ఏంజెల్ చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అంకె చూసి అంతగా భయపడలేదు, పక్కన ఉన్న మిగతా అంకెలు చూసి భయపడ్డాను. అమోనియాలో చేపలను చంపే భాగం ఎంత అన్నది పీహెచ్, వేడి కలిసి తేలుస్తాయి. పాత ఇంట్లో 28 డిగ్రీల దగ్గర, 7.4 పీహెచ్‌లో ఆ భాగం రెండు శాతం లోపు. ఇక్కడ తొట్టి 32 డిగ్రీలు, పీహెచ్ 8.2. దాదాపు ఎనిమిదో వంతు విషమే. అదే 2 పీపీఎం అక్కడైతే ఒక హెచ్చరిక, ఇక్కడ చావుకబురు. ఆ రోజే రెండు ఏంజెల్‌లు, ఒక కోరీ (అడుగున తిరిగే చిన్న చేప) పోయాయి.

వేడి తగ్గించడానికి తొట్టి మీద ఫ్యాను పెట్టాను. రాజమహేంద్రవరంలో ఇదే ఫ్యాను మూడు డిగ్రీలు లాగేది. ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ, ఒకటిన్నరకు మించి దిగడం లేదు. మధ్యాహ్నం కుళాయి తిప్పితే డాబా మీది నల్ల ట్యాంకు నుంచి 39 డిగ్రీల నీళ్లు. నీళ్లు మార్చాలంటే తెల్లవారుజామున ఐదింటికి లేవాల్సిందే.

నా మొదటి అనుమానం ఫిల్టరు మీద. అందులో ఉండే బ్యాక్టీరియానే అమోనియాను తిని ముందు నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. చేపలను ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పెద్దమనిషినే, ఫిల్టరును మూత బిగించి లారీలో వేశాను. రావులపాలెం దగ్గర ట్రాఫిక్‌లో లారీ గంటన్నర ఇరుక్కుపోయింది. ఎక్కించడం, దించడం కలుపుకుంటే మొత్తం ఆరు గంటలు. ఇక్కడికొచ్చి మూత తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన. గాలి అందక లోపలి బ్యాక్టీరియా చచ్చిపోయిందని ఎవరైనా అనుకుంటారు. నేనూ అనుకున్నాను, పది రోజులు అదే నమ్మకంతో తప్పు దారిలో నడిచాను.

భీమవరంలో ఉండటంలో ఒక సుఖం ఉంది. ఇక్కడ రొయ్యల రైతుల కోసం నీటి పరీక్షల ల్యాబులు మందుల దుకాణాల్లా వీధివీధినా కనిపిస్తాయి. సీసాలో నీళ్లు పట్టుకెళ్లాను. కౌంటరులో కుర్రవాడు ఫారం తీసుకుని అడిగాడు.

"చెరువు ఎన్ని ఎకరాలండి?"

"మూడడుగులండి."

తలెత్తి చూశాడు. ఆ గడిలో ఏం రాయాలో తెలియక గీత గీసి వదిలేశాడు. సాయంత్రానికి రిపోర్టు ఇచ్చాడు: అమోనియా 1.8. ఇంట్లో చుక్కలు వేసి చూసే నా ఏపీఐ కిట్టు చెప్పినదానికి దగ్గరగానే ఉంది. కాగితపు పట్టీలు ముంచి రంగు చూసేవాళ్లు ఇకనైనా మానండి, అవి జ్యోతిషం. మా ఆవిడ ఆ రిపోర్టు చూసి, "వంటింటి సామాను ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంది. మీ చేపలకు మాత్రం రక్తపరీక్షలు కూడా అయిపోయాయి" అంది.

ఆ దుకాణంలోనే జియోలైట్ (అమోనియాను పట్టుకునే ఖనిజం) అడిగాను. 25 కిలోల బస్తా తప్ప విడిగా అమ్మరట. నా ముఖం చూసి జాలిపడి అరకిలో పొట్లం కట్టి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. 300 గ్రాములు కడిగి, పాత మేజోడులో పోసి ఫిల్టరులో పెట్టాను. ఎనిమిదో రోజు 0.5! ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పదో రోజు నైట్రైట్ 1 చూపించింది. నైట్రైట్ మొప్పల గుండా రక్తంలోకి వెళ్లకుండా ఉప్పు అడ్డుకుంటుంది, అందరికీ తెలిసిందే. లీటరుకు గ్రాము లెక్కన 130 గ్రాముల కల్లుప్పు కరిగించి పోశాను. మర్నాడు ఉదయం అమోనియా 2.

చేసిన బుద్ధితక్కువ పని ఇది. జియోలైట్ అమోనియాను పట్టుకునేది తన సోడియాన్ని వదులుకుని. నీళ్లలో ఉప్పు పెరిగితే ఆ బేరం తిరగబడుతుంది, సోడియాన్ని తీసుకుని అమోనియాను వదిలేస్తుంది. వాడేసిన జియోలైట్‌ను ఉప్పునీళ్లలో నానబెట్టి మళ్లీ వాడుకునేది ఈ గుణం వల్లే. నేనే అలా చాలాసార్లు నానబెట్టాను! అదే పని చేపలుండగా తొట్టిలో చేశాను. గ్రాము ఉప్పుకే అంతా కక్కేసిందని అనను, కొంత పాపం మాత్రం దానిదే. మేజోడు తీసి పారేశాను, 40 శాతం నీళ్లు మార్చాను, అమోనియా విషాన్ని అణిచే సీకెమ్ ప్రైమ్ అనే మందు రోజు విడిచి రోజు పోస్తున్నాను. ఖరీదైనదే, కానీ దాని వల్లే మిగిలినవి బతికున్నాయని నా నమ్మకం. నైట్రైట్ మూడు రోజుల్లో సున్నా అయింది. అమోనియా మాత్రం 1 దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది.

అక్కడే అనుమానం వచ్చింది. ఫిల్టరు చచ్చిపోతే నైట్రైట్ ఎవరు తిన్నారు?

నిన్న రాత్రి నాలుగు ఐస్‌క్రీం డబ్బాలు వరసగా పెట్టి, ఒక్కోదానికీ గాలి బుడగలు వదిలే ఎయిర్‌స్టోన్ తగిలించాను. ఒకదానిలో ఉత్త ఆర్‌వో నీళ్లు. రెండోదానిలో కుళాయి నీళ్లు. మూడోదానిలో తొట్టి నీళ్లు, బ్యాక్టీరియా పట్టి ఉండే ఫిల్టరు రింగులు గుప్పెడు. నాలుగోదానిలో ఆర్‌వో నీళ్లు, తొట్టి అడుగు నుంచి గుప్పెడు మట్టి. ఇరవై నాలుగు గంటల తర్వాత చూస్తే మొదటిది 0, రెండోది 0.25. మూడోది 1 నుంచి 0.25కి దిగింది, అంటే రింగులు బతికే ఉన్నాయి, పని చేస్తున్నాయి. నాలుగోది 2. ముదురు ఆకుపచ్చ, తోటకూర రసంలా.

మట్టి! రెండేళ్లుగా నేను పెంచిన మట్టి. బరువు తగ్గించడానికి నీళ్లన్నీ తోడేసి, రెండున్నర అంగుళాల మట్టిని మాత్రం "అందులోనే కదా ప్రాణమంతా" అనుకుంటూ తడి గోనెపట్టా కప్పి తొట్టిలోనే లారీ ఎక్కించాను. ఎండలో ఆరు గంటలు ఉడికింది. మొక్కల వేళ్లు కుళ్లాయి, అడుగు పొర కదిలి పైకొచ్చింది, ఇప్పుడు రోజూ కొంచెం కొంచెం వదులుతోంది. ఫిల్టరు తినగలిగినంత తింటోంది, మిగిలిందే నా 1 పీపీఎం. డబ్బాలో వేయడానికి మట్టిని కలిపాను కాబట్టి 2 కాస్త ఎక్కువే చూపించి ఉండొచ్చు. అయినా దొంగ దొరికాడు.

ఇరవై లీటర్ల మట్టి ఒకేసారి తీస్తే నీళ్లన్నీ బురదవుతాయి. రేపు తెల్లవారుజామున ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, సన్న గొట్టంతో రోజుకు నాలుగో వంతు లాగేస్తాను. మొక్కలను కుండీల్లోకి మారుస్తాను. మట్టి స్థానంలో గోదావరి ఇసుక వేద్దామని ఉంది. తమ్ముడు ఆదివారం రాజమహేంద్రవరం నుంచి వస్తున్నాడు, రెండు గోతాలు తెమ్మన్నాను. ఇక్కడివాళ్లు నరసాపురం వైపు తీరం ఇసుక తెచ్చుకోమంటున్నారు గానీ, అందులో గుల్ల ముక్కలు ఉంటాయి, పీహెచ్ ఇంకా ఎక్కుతుంది. ఏ ఇసుకైనా ముందు వెనిగర్ చుక్కలు వేసి నురగ వస్తుందేమో చూడాలి.

జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలాక కుళాయి నీళ్లు కూడా మారతాయి, అప్పుడు మళ్లీ అన్నీ కొలవాలి. నా దగ్గర ఖాళీగా ఉన్న ఇంకో తొట్టిలో ఈసారి కొన్న చేపలు వద్దు, కాలువ పరిగెలు పెంచాలని మనసు లాగుతోంది. ఈ నీళ్లకు, ఈ వేడికి పుట్టినవి కదా. పిన్నిగారి అబ్బాయికి వల ఉందట.

కుళాయి వచ్చేది ఐదింటికి. అలారం 4.45కి పెట్టాను.