కొండ దిగే ముందు బ్రేకులు: ఇంటి ముందే చేసుకున్న పని (నా అనుభవం)

తిరుపతిలో కారున్న మనిషికి కొండ తప్పదు. చుట్టాలొస్తే కొండ, పుట్టు వెంట్రుకలకు కొండ, పక్కింటాయన కొత్త బండి కొంటే పూజకు తోడుగా కొండ. ఎక్కేటప్పుడు అందరి కన్నూ ఇంజన్ వేడి చూపే గుర్తు మీదే ఉంటుంది. దిగేటప్పుడు చూసుకోవడానికి డ్యాష్‌బోర్డు మీద ఏమీ లేదు. బ్రేకు ఎంత కాగిందో బండి చెప్పదు, వాసనొచ్చాకే మనకు తెలుస్తుంది. నాది పదేళ్లు దాటిన పెట్రోలు స్విఫ్ట్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. దాని బ్రేకు పని మొత్తం ఈ మధ్య ఇంటి ముందే చేశాను. రెండు పూటలు పట్టింది. ఏది ఎందుకు చేయాలో తెలిస్తే షెడ్డులో చేయించినా పని సరిగ్గా అడిగి చేయించుకోవచ్చు.

ముందు ఒక చిన్న లెక్క. అలిపిరికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. ఐదుగురు మనుషులు, సామాను కలిపి బండి 1300 కిలోలు తూగుతుందనుకుందాం. అంత బరువు అంత ఎత్తు దిగితే పుట్టే వేడితో 30 లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. అంటే ఇంటిల్లిపాదికీ స్నానాల కాగు. కొంత గాలి పట్టుకుపోతుంది, గేరులో ఉంటే కొంత ఇంజన్ మింగుతుంది. మిగిలినదంతా బ్రేకులదే, అందులోనూ పెద్ద వాటా ముందు డిస్కులది. న్యూట్రల్‌లో దిగేవాళ్లు ఇంజన్ వాటా కూడా తెచ్చి డిస్కుల నెత్తిన పెడుతున్నారు.

పని మొదలుపెట్టకముందు పెడల్‌ను అడగాలి. ఇంజన్ ఆపి నాలుగైదు సార్లు తొక్కితే పెడల్ గట్టిపడుతుంది. అలాగే అదిమి పట్టి స్టార్ట్ చేస్తే కాస్త కిందికి జారాలి. జారితే బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో మన కాలికి బలం కలిపే డబ్బా) బాగుంది. జారకపోతే వాక్యూమ్ పైపు, బూస్టర్ చూడాలి, ప్యాడ్లు మార్చి లాభం లేదు. పెడల్ మెత్తగా స్పాంజిలా ఉంటే లైన్లో గాలి. వేగంగా పోతూ తొక్కినప్పుడు కాలి కింద తడతడ కొట్టుకుంటే డిస్కు మందం ఒక్కోచోట ఒక్కోలా అరిగింది. ఒక తొక్కుకు లోతుగా పోయి, వెంటనే రెండో తొక్కుకు పైకొస్తే ఎక్కువగా వెనక డ్రమ్ముల్లో లైనర్లకూ (లోపల రాసుకుని ఆపే పట్టీలు) డ్రమ్ముకూ మధ్య సందు పెరిగినట్టు. నా బండిది ఈ చివరి రకం.

తెచ్చుకున్న సామాను: ముందు ప్యాడ్ల సెట్టు, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ అర లీటరు డబ్బాలు రెండు, బ్రేక్ క్లీనర్ స్ప్రే, స్లైడ్ పిన్నులకు సిలికాన్ గ్రీజు, బ్లీడింగ్ నిపుల్‌కు (లైన్లోని గాలి, పాత ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) తొడగడానికి మీటరు పారదర్శక పైపు. ఈ పైపు చేపల తొట్లు అమ్మే అంగట్లో దొరుకుతుంది. ఆయిల్ డబ్బా సీలు కొత్తదై ఉండాలి. సగం వాడి మూత పెట్టిన డబ్బా ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

జాకీ ఎక్కించే ముందే, టైరు నేల మీద ఉండగానే వీల్ నట్లు సగం తిప్పి వదులు చేయాలి. ముందు చక్రం లేపితే హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక టైర్లకు రాళ్లు. వెనక చక్రం లేపితే హ్యాండ్‌బ్రేకు దించక తప్పదు, లేకుంటే డ్రమ్ము రాదు. అప్పుడు మొదటి గేరు, ముందు టైర్లకు రెండు పక్కలా రాళ్లు. బండితో వచ్చే జాకీ టైరు మార్చడానికే. చక్రం విప్పి పని చేసేటప్పుడు కింద స్టాండు ఉండాలి.

ముందు చక్రంలో మొదట చూసింది లోపలి ప్యాడు, బయటి ప్యాడు సమానంగా అరిగాయా అని. చాలామంది బయటి ప్యాడు సందులోంచి చూసి 'ఇంకా ఉందిలే' అంటారు. నా ఎడమ చక్రంలో బయటిది 6 మి.మీ. ఉంది, లోపలిది 3కు వచ్చేసింది. ఇలా తేడా వస్తే తప్పు ప్యాడుది కాదు, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే దిమ్మ) జరగాల్సిన స్లైడ్ పిన్ను బిగుసుకుపోయింది. పిస్టన్ లోపలి ప్యాడును నొక్కుతుంది, ఆ ఎదురు ఒత్తిడికి క్యాలిపర్ జరిగితేనే బయటి ప్యాడు డిస్కును పడుతుంది. పిన్ను కదలకపోతే లోపలి ప్యాడు ఒక్కటే బండి మోస్తుంది, పెడల్ వదిలినా సరిగ్గా వదలదు. కొత్త ప్యాడ్లు వేసి పిన్ను వదిలేస్తే కొద్ది నెలల్లో మళ్లీ అదే కథ.

పిన్నులు రెండూ బయటికి లాగి, పాత గ్రీజు తుడిచి, పలుచగా సిలికాన్ గ్రీజు పూశాను. మామూలు బేరింగ్ గ్రీజు పూయకూడదు, రబ్బరు బూటు ఉబ్బిపోయి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. పై పిన్ను, కింది పిన్ను కొన్ని బండ్లలో ఒకటి కాదు. ఏది ఎక్కడిదో ఫోన్లో ఒక ఫోటో తీసుకుంటే సరి.

డిస్కు మీద అంచునో మధ్య భాగంలోనో కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. కొలిచేటప్పుడు వెర్నియర్ దవడ అంచున నిలబడిన గట్టు మీద కూర్చుంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మైక్రోమీటర్‌తో ప్యాడు తగిలే చోటే కొలవాలి. లేతు మీద డిస్కు కోయించే ముందు ఆ అచ్చు సంఖ్యకు ఎంత మిగులుతుందో లెక్కేయండి. సన్నబడిన డిస్కు వేడిని దాచుకోలేదు. ఊళ్లో తిరిగే బండికి అది తెలియదు, కొండ దిగే బండికి నాలుగో మలుపులోనే తెలుస్తుంది. నీలం మచ్చలు కనపడితే ఎప్పుడో బాగా కాగిందని గుర్తు.

పిస్టన్‌ను లోపలికి నొక్కేటప్పుడు ఆయిల్ వెనక్కి తన్ని పైన బానెట్ కింది ఆయిల్ డబ్బాలోంచి పొంగుతుంది. నేను ముందే నిపుల్‌కు పైపు తగిలించి, కాస్త వదులు చేసి, పాత ప్యాడు అడ్డం పెట్టి సి-క్లాంపుతో నొక్కాను. క్యాలిపర్ అడుగున చేరిన మురికి ఆయిల్ పైకి ఏబీఎస్‌లోకి (చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) పోకుండా అక్కడే బయటికొచ్చింది. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే పెయింటును తినేస్తుంది. పక్కన బకెట్ నీళ్లు పెట్టుకుని, చుక్క పడగానే నీళ్లు కొట్టాలి. గుడ్డతో రుద్దితే ఇంకా పాకుతుంది.

వెనక డ్రమ్ము చేత్తో లాగితే రాదు. దాని ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలుంటాయి. వాటిలో 8 మి.మీ. బోల్టులు వేసి కొంచెం ఇటు, కొంచెం అటు బిగిస్తూ పోతే తనంతట తనే వెలికొస్తుంది. సుత్తితో అంచు మీద కొడితే డ్రమ్ము పగలొచ్చు. లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. క్లీనర్‌తో తడిపి కడగాలి. లైనర్లను డ్రమ్ముకు తోసే వీల్ సిలిండర్ రబ్బరు మూతను గోరుతో కొద్దిగా ఎత్తి చూస్తే తడి కనపడింది, కుడివైపు. తడి ఉందంటే సీలు పోయింది. ఆ ఆయిల్ లైనర్ మీదికి వస్తే ఆ చక్రం బ్రేకు పట్టదు, బండి ఒక పక్కకు లాగుతుంది. సిలిండర్లు రెండువైపులా మార్చాను. లైనర్ల సందు సరిచేసే అడ్జస్టర్ తుప్పుకు బిగుసుకుని తిరగడం లేదు. పెడల్ లోతుకు అసలు కారణం అదే. విప్పి, శుభ్రం చేసి, మర మీద పలుచగా అధిక వేడికి నిలిచే గ్రీజు రాసి, డ్రమ్ము చేత్తో తిప్పితే సన్నగా రాసుకునేదాకా సందు తగ్గించాను.

ఇక ఆయిల్ సంగతి. నన్నడిగితే కొండ బండికి ప్యాడ్లకంటే ఇదే ముఖ్యం, అందరూ మరిచేదీ ఇదే. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీలుస్తుంది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ 3.7 శాతానికి చేరితే 140కే మరగొచ్చు. డాట్ 4కు ఆ సంఖ్యలు 230, 155. మరిగితే ఆవిరి. ఆవిరి నొక్కితే నలుగుతుంది కాబట్టి కాలి ఒత్తిడి చక్రం దాకా పోదు, పెడల్ నేలకు తగులుతుంది. రంగు చూసి ఆయిల్ బాగుందనడం ఒట్టి మాట, లేత పసుపులో కూడా నీరుంటుంది. రెండేళ్లకోసారి మార్చడమే పద్ధతి. డాట్ 3 చెప్పిన బండిలో డాట్ 4 పోయొచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్ జాతి, మన బండ్లలో పోయకూడదు. డాట్ 5.1 అనేది వేరే, పేరు చూసి తికమకపడొద్దు.

నిపుల్స్ తుప్పు పట్టి ఉంటే ముందు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి. ఆరు పలకల బాక్స్ స్పానర్ వాడాలి. మామూలు డబల్ ఎండ్ స్పానర్ జారి మూలలు గుండ్రమైతే, ఆపై విరిగితే, క్యాలిపరే మార్చాల్సి వస్తుంది.

బ్లీడింగ్‌కు, అంటే పాత ఆయిల్, గాలి బయటికి తీయడానికి, ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ మీద, ఒకరు చక్రం దగ్గర. 'తొక్కు' అంటే తొక్కి పట్టాలి, నిపుల్ తెరిచి మూసి 'వదులు' అన్నాకే కాలు తీయాలి. ఈ రెండు మాటలు తారుమారైతే గాలి లోపలికి పోతుంది. కుడి స్టీరింగు బండికి మామూలు వరుస: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మీ మాన్యువల్ వేరే వరుస చెబితే దాని మాటే వినాలి. పాత బండి పెడల్‌ను నేలదాకా తొక్కనివ్వకండి. పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌లో రోజూ సీలు తిరగని చోట తుప్పు ఉంటుంది, అక్కడికి పోతే సీలు చిరుగుతుంది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టాను. డబ్బాలో ఆయిల్ కనిష్ఠ గీత కిందికి దిగకుండా ఐదారు తొక్కులకోసారి పోశాను. బుడగలు ఆగి, కొత్త రంగు వచ్చేదాకా తీస్తే మొత్తం ముప్పావు లీటరుకు పైగా పోయింది. ఒక్క అర లీటరుతో పని అయిందని షెడ్డులో చెబితే, పై డబ్బాలోది మార్చి పంపారేమోనని నాకు అనుమానం.

కొత్త ప్యాడ్లు వేసిన రోజే కొండకు పోకూడదు. తెల్లవారుజామున కరకంబాడి రోడ్డు మీద 50 నుంచి 10 కి.మీ.కు నింపాదిగా తగ్గించడం, మళ్లీ వేగం అందుకుంటూ డిస్కు చల్లారనివ్వడం, ఇలా పది సార్లు. మధ్యలో పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పట్టకూడదు. కాగిన ప్యాడు డిస్కు మీద ఒక్కచోట అచ్చు వేస్తుంది.

దిగడం గురించి. 1944లో తెరిచిన మొదటి ఘాట్ ఇప్పుడు దిగడానికి, 1974 నాటి రెండోది ఎక్కడానికి. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలన్నది నిబంధన. దాదాపు 18, 19 కి.మీ. దారికి 40 నిమిషాలంటే గంటకు 28 కి.మీ. చొప్పున. రెండో గేరులో యాక్సిలరేటర్ వదిలేస్తే బండి ఇంచుమించు ఆ వేగానికే నిలబడుతుంది, మలుపుల్లో మాత్రం బ్రేకు. ఆటోమేటిక్ బండ్లలో ఎల్ గానీ మాన్యువల్ మోడ్ గానీ పెట్టుకోవాలి. డి లో వదిలేస్తే పై గేరుకు పోయి జారుతుంది.

కొందరు మూడో గేరులో బ్రేకులు అదుముతూ గబగబా దిగి, ఆ 40 నిమిషాలు ఇంకా నిండక చెక్‌పోస్టుకు ముందు పక్కన ఆపుకుని కూర్చుంటారు. బ్రేకుకు అంతకంటే చెడ్డ పని లేదు. బండి నడిచేటప్పుడు డిస్కుకు గాలి తగులుతుంది. ఆగగానే గాలి ఆగి, డిస్కు వేడి క్యాలిపర్‌లోకి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి ఎక్కుతుంది. దిగేటప్పుడు బాగున్న పెడల్, ఆపి మళ్లీ కదిలిన మొదటి మలుపులో మెత్తబడేది అందుకే.

న్యూట్రల్‌లో పెట్రోలు మిగులుతుందన్నది కార్బ్యురేటర్ కాలం నాటి మాట. ఇంజెక్షన్ బండి గేరులో ఉండి, యాక్సిలరేటర్ వదిలితే కంప్యూటరే పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగకుండా ఉండడానికి తాగుతూనే ఉంటుంది. ఇంజన్ ఆపి దిగే మహానుభావులకు బూస్టర్ రెండు మూడు తొక్కులకే మిగులుతుంది, స్టీరింగు రాయిలా అవుతుంది. భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్‌లలో ఎదురు బండ్లు కూడా ఉంటాయి, అక్కడ ఇది మరీ ప్రమాదం.

కాలిన వాసన వస్తే ఒక గేరు తగ్గించి, బ్రేకు తక్కువ వాడుతూ కొద్ది దూరం గాలి తగలనిచ్చి, చోటు చూసి ఆపి అరగంట వదిలేయండి. గేరులో ఉంచి టైరుకు రాయి పెట్టండి. కాగిన డిస్కు మీద నీళ్లు పోస్తే వంగుతుంది, పగుళ్లు కూడా రావచ్చు. పెడల్ నేలకు పోతే గబగబా పంపు కొడుతూ గేర్లు దించాలి, హ్యాండ్‌బ్రేకు బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగాలి, కొండ గోడ వైపే ఉండాలి.

అలిపిరి దాటాక పది నిమిషాలు మామూలుగా నడిపి ఆపి, ముందు రెండు చక్రాల దగ్గర చెయ్యి దూరంగా పెట్టి చూశాను, తాకలేదు. రెండువైపులా వేడి ఒకేలా ఉంది. ఒక పక్కే ఎక్కువగా సెగ కొడితే అక్కడ పిన్నో పిస్టనో పట్టేసినట్టు. మరునాడు వీల్ నట్లు ఇంకోసారి బిగించి చూసి, ఆయిల్ మార్చిన నెల, సంవత్సరం ఒక టేపు ముక్క మీద రాసి డబ్బా మూతకు అంటించాను. తీసిన పాత ఆయిల్ సీసాలో పోసి, పాత ఇంజన్ ఆయిల్ పోగుచేసే షెడ్డులో విడిగా ఇచ్చి వచ్చాను.