బ్రిడ్జ్‌టౌన్ రేవులో మా వంతు వచ్చేదాకా

2024 డిసెంబరులో నేను ఒక చిన్న కంటైనర్ ఓడలో థర్డ్ ఆఫీసర్‌ని. రేవు చేరేముందు పంపాల్సిన కాగితాల పని అప్పుడే కొత్తగా నా చేతికిచ్చారు. నేను మొదటిసారి కాగితాలు సిద్ధం చేసింది బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్ రేవుకి.

క్రూ లిస్ట్, సరుకు వివరాలు, స్టోర్‌లో ఉన్న సిగరెట్ల లెక్క, ఒక్కొక్కరి సొంత సామాను జాబితా, అందరి ఆరోగ్యం గురించి కెప్టెన్ ఇచ్చే డిక్లరేషన్, అంతకుముందు ఆగిన పది రేవుల పేర్లు... ఇలా చాలానే ఉన్నాయి. ఇవన్నీ ఎలక్ట్రానిక్‌గా ఒకేచోట తీసుకోవాలనే అంతర్జాతీయ నియమం ఆ ఏడాది జనవరి 1న అమల్లోకి వచ్చింది. అయినా నేను అన్నీ ప్రింట్ తీసి, సంతకాలు, స్టాంపులు వేయించి ఫైల్లో పెట్టుకున్నాను. రేవులో మా ఓడ పనులు చూసే ఏజెంట్ పంపిన మెయిల్ చివర్లో ఒక హెచ్చరిక కూడా ఉంది: సైనికుల యూనిఫాం మీద ఉండే మచ్చల డిజైన్ (కామఫ్లాజ్) బట్టలు వేసుకుని ఎవరూ ఒడ్డుకు దిగొద్దు. బార్బడోస్‌లో సైన్యం తప్ప మిగతావాళ్లు అవి వేసుకోవడం నేరం. చిన్నపిల్లలకు కూడా మినహాయింపు లేదు. మా క్రూలో ఒకతని దగ్గర అలాంటి నిక్కరు ఉంటే లాకర్‌లో పెట్టించాను.

తెల్లవారుజామున రేవు ముందుకొచ్చాం. వీహెచ్‌ఎఫ్ రేడియోలో రేవు నుంచి జవాబు వచ్చింది: "రెండు క్రూయిజ్ ఓడలు లోపలికి వస్తున్నాయి. మీరు లంగరు వేసుకుని ఉండండి."

నాకు ప్రాణం ఉసూరుమంది. ఈ రేవు ద్వీపానికి నైరుతి వైపు, గాలి చాటున ఉంది. తూర్పు నుంచి వీచే గాలికి మా ఓడ తిరిగి, ముక్కు సరిగ్గా ఊరి వైపు పెట్టి నిలబడింది. అంత దగ్గర్లో ఊరు కనిపిస్తోంది కానీ వెళ్లడానికి లేదు. తెల్లటి క్రూయిజ్ ఓడ మా పక్కనుంచే దాటుతుంటే దాని బాల్కనీల్లో కాఫీ కప్పులతో నిలబడినవాళ్లు చేతులూపారు. నేనూ ఊపాను.

కెప్టెన్‌ని అడిగేశాను, "సార్, మనం ముందొచ్చాం కదా?"

"వాళ్లకి ఉన్నది ఈ ఒక్క పగలే బాబూ. సాయంత్రానికి వెళ్లిపోవాలి. వాళ్లు దిగితేనే ఇక్కడ టాక్సీవాళ్లకి, దుకాణాలకి బేరం. మన సరుకు ఒక పూట ఆగగలదు."

ఆగగలదు, నిజమే. కానీ ఊరికే కాదు. మా రీఫర్ (ఫ్రిజ్‌లా చల్లగా ఉంచే) కంటైనర్లలో ఉన్నది ఈ ద్వీపం వాళ్లు తినే తిండే. ఇక్కడ తిండిలో చాలా భాగం ఓడల మీదే దిగుతుంది. ఎలక్ట్రీషియన్‌తో కలిసి నేనూ డెక్ మీద తిరిగాను. ఒక్కో పెట్టె ముందు ఆగి, డిస్‌ప్లే మీద ఉప్పు పొర తుడిచి, మైనస్ 18 ఉందో లేదో చూడటం, రాసుకోవడం. ఒకదాంట్లో మైనస్ 14 కనిపించేసరికి టెన్షన్ వచ్చింది. ప్లగ్ వదులైంది, అంతే. బిగించాక మెల్లగా దిగింది.

సాయంత్రం, ఓడని రేవులోకి దారి చూపి తీసుకెళ్లే పైలట్ ఎక్కాడు. పెద్దాయన, మాటకారి. 1961లో ఈ డీప్ వాటర్ హార్బర్ తెరిచేదాకా పెద్ద ఓడలు బయట కార్లైల్ బేలోనే ఆగేవట. మనుషులూ, చక్కెర బస్తాలూ చిన్న పడవల మీదే ఊళ్లోని కెరీనేజ్ అనే పాత పడవల రేవుకీ ఓడలకీ మధ్య తిరిగేవట. పెలికన్ అనే చిన్న దీవిని ప్రధాన భూభాగంతో కలిపేసి ఈ రేవు కట్టారని, మనం ఇప్పుడు వెళ్తున్నది దాని మీదికేనని వేలు చూపించాడు. పొద్దుటి నుంచి నాలో ఉన్న విసుగు అక్కడ పోయింది.

తాళ్లు కట్టాక అసలు పరీక్ష. ఆరోగ్య అధికారి సరేననేదాకా పసుపు జెండా దించకూడదు. అది తొందరగానే అయింది. ఇమ్మిగ్రేషన్ ఆవిడ మాత్రం ప్రతి పాస్‌పోర్టూ క్రూ లిస్ట్‌తో పోల్చి చూస్తూ ఏడో పేరు దగ్గర ఆగారు. నంబరు కలవలేదు. అతను పాస్‌పోర్టు కొత్తది తీసుకున్నాడు, నేను పాత లిస్ట్‌లోంచి నంబరు ఎత్తి రాశాను. తప్పు నాదే. నా చేతులు చల్లబడ్డాయి. ఆవిడ కసరలేదు. "సరిచేసి, కెప్టెన్ సంతకంతో తీసుకురండి, ఉంటాను" అన్నారు. ఆ పది నిమిషాల ఓపికకి నేను ఈరోజుకీ రుణపడి ఉన్నాను. అప్పటినుంచి పాస్‌పోర్టులు ముందు పెట్టుకుని ఒక్కో అంకె పైకి చదవకుండా క్రూ లిస్ట్ పంపడం లేదు.

రాత్రంతా క్రేన్లు నడిచాయి. పొద్దున ఒడ్డుకు దిగి తిరగడానికి రెండు గంటల షోర్ లీవ్ దొరికింది. ఎక్కడికని నన్ను ఎవరూ అడగక్కర్లేదు. రేవు నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే కెన్సింగ్టన్ ఓవల్! ఆరు నెలల క్రితం, జూన్ 29న, మనవాళ్లు 7 పరుగులతో టీ20 ప్రపంచకప్ గెలిచిన గ్రౌండ్. గేటు మూసి ఉంది. సందులోంచి పచ్చగడ్డి కొంచెం కనిపించింది. సూర్యకుమార్ బౌండరీ దగ్గర ఆ క్యాచ్ పట్టింది ఏ వైపో పోల్చుకుందామని చాలాసేపు నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి మైనస్ 14 చూపించిన పెట్టెను ట్రక్కు మీద దించుతున్నారు.